బాలబడిలో సూర్యుడి వారం: కాగితం పళ్లెం సూర్యుడు కాకుండా ఇంకేం చేయించొచ్చు?

నాగావళి_గట్టు
రాయగడలో మా ఇంటి ముందు గదిలో బాలబడి నడుపుతున్నాను. పద్నాలుగు మంది పిల్లలు, నాలుగు నుంచి ఆరేళ్ల లోపు. సరస్వతి పూజ అయిన రెండో రోజే రథసప్తమి కదా, ఆ వారమంతా సూర్యుడి మీద పనులు చేయిద్దామని ఉంది. నెట్‌లో వెతికితే అన్నీ ఒకటే. కాగితం పళ్లెం తీసుకో, పసుపు రంగు వెయ్యి, చుట్టూ కిరణాలు అంటించు, కళ్లూ నవ్వూ గియ్యి. పోయినేడు అదే చేయించాను. తల్లులు ఫోటోలు తీసుకున్నారు, అయిపోయింది. మర్నాడు ఒక పాపని "సూర్యుడు ఎక్కడున్నాడమ్మా?" అని అడిగితే గోడకి తగిలించిన పళ్లెం చూపించింది. వాకిలి నిండా ఎండ ఉంది అప్పుడు. నాకు మనసు చివుక్కుమంది.

ఈసారి ఆ ఎండతోనే ఏదైనా చేయించాలి. ఖర్చు పెట్టలేను. ఒకటి ముందే చేసి చూశాను: రంగు చార్టు మీద ఆకు పెట్టి ఎండలో ఉంచితే చుట్టూ రంగు వెలిసి ఆకు ముద్ర పడుతుందట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంచాను, ఏమీ పడలేదు. ఎక్కడ తప్పు?

పిల్లల్లో తెలుగువాళ్లు ఎనిమిది మంది, ఒడియా ఇళ్ల వాళ్లు నలుగురు, కుయ్ మాట్లాడే ఇళ్ల వాళ్లు ఇద్దరు. మాటలతో చెప్పేది తక్కువగా, చేతులతో చేసేది ఎక్కువగా ఉండాలి.

దివ్య_ధర్మాబాద్
చార్టులోనే ఉంది తప్పు. ఇప్పుడొచ్చే మంచి చార్టులు తొందరగా వెలవవు. గాలిపటాలు చేసే పల్చటి కాగితం, ముదురు నీలం కానీ వంకాయ రంగు కానీ తీసుకోండి. సంక్రాంతి మిగులు దుకాణాల్లో దొరుకుతుంది. మా పాపతో చేయిస్తే రెండు రోజుల ఎండకి ముద్ర బాగా పడింది.

నాగావళి_గట్టు
రెండు రోజులా! మా పిల్లలు రెండు నిమిషాలు ఆగరు దివ్య గారూ.

బరంపురం_బామ్మ
పసుపు వాడు తల్లీ. పసుపు రాసిన బట్ట ఎండలో ఆరేస్తే సాయంత్రానికి తెల్లబోతుంది, ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతే. అన్నం పళ్లెంలో పడిన పసుపు మరకైనా ఎండలో పెడితే పోతుంది. నీ చార్టు కంటే నా కొంగు త్వరగా వెలుస్తుంది.

మహేంద్రగిరి_నీడ
బామ్మగారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను పర్లాకిమిడి దగ్గర అంగన్‌వాడీలో పని చేస్తాను, దీన్ని మూడేళ్లుగా చేయిస్తున్నాను.

మొదటిసారి పసుపు నీళ్లలో కలిపాను, మచ్చలు మచ్చలుగా వచ్చింది. ఎందుకంటే పసుపులోని రంగు నీళ్లలో కరగదు, పొడి అడుక్కి దిగిపోతుంది. మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో కరుగుతుంది. చిన్న కప్పుడు స్పిరిట్‌లో రెండు చెంచాల వంట పసుపు వేసి, బాగా కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టండి. ఈ పని మీరే చెయ్యాలి, పిల్లలు పడుకున్నాక. పొయ్యి దగ్గర అసలే వద్దు, స్పిరిట్ అంటుకుంటుంది. ఆ రంగుని మందపాటి డ్రాయింగ్ కాగితం మీద దూదితో రాసి, చీకటి గదిలో ఆరబెట్టండి.

మర్నాడు పిల్లల పని. ఎవరికి నచ్చిన ఆకు వాళ్లే ఏరుకొస్తారు. మునగ, వేప, చింత లాంటి చిన్నాకుల రెమ్మలైతే బొమ్మ అందంగా వస్తుంది. ఆకుని కాగితం మీద పరిచి పైన గాజు పలక పెట్టాలి. పాత ఫోటో ఫ్రేము అద్దం చాలు, అంచులకి టేపు వెయ్యండి. నా లెక్కలో తొమ్మిదిన్నరకి పెడితే పన్నెండుకి తీసేయొచ్చు. ఆకు తీస్తే కింద పసుపు పచ్చగా, చుట్టూ వెలిసిపోయి ఉంటుంది.

అసలు సంబరం ఆ తర్వాత. ఆ కాగితం మీద వంటసోడా నీళ్లు దూదితో అద్దితే ఆకు బొమ్మ నారింజ, గోధుమ రంగుల మధ్యకి తిరుగుతుంది. సున్నపు తేట అద్దితే ఎర్రబడుతుంది. పారాణి కలిపేటప్పుడు జరిగేది అదే, పసుపుకి సున్నం తగిలితే ఎరుపు. సున్నపు తేట మాత్రం మీరే అద్దండి, పిల్లల చేతికి వద్దు.

నాగావళి_గట్టు
అక్కా, ఇది చదివి లేచి వెళ్లి పసుపు డబ్బా చూసుకొచ్చాను. రేపే కలుపుతాను.

బల్లార్షా_బాబాయ్
మధ్యలో వచ్చి అడుగుతున్నానని అనుకోకండి. నాలుగేళ్ల పిల్లలకి ఇవన్నీ అవసరమా? మా మనవడు వచ్చే ఏడు ఒకటో తరగతి. బడిలో మరాఠీ, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. మూడు భాషల అక్షరాలు ఆ చిన్న బుర్రకి ఎక్కాలి. ఆకులు ఎండలో పెట్టుకుంటూ కూర్చుంటే అక్షరాలు ఎప్పుడు వస్తాయి? మా కోడలికి ఇప్పటికే టెన్షన్.

గుణుపురం_మాస్టారు
బాబాయ్ గారూ, ముప్పై నాలుగేళ్లు సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఎనిమిదో తరగతి పిల్లవాడిని నిలబెట్టి "మధ్యాహ్నం నీ నీడ ఏ దిక్కుకి పడుతుంది?" అంటే దిక్కులు చూసేవాడు. పుస్తకంలో ప్రశ్నకి జవాబు రాసేవాడు, బయట తన నీడ ఎప్పుడూ చూసుకుని ఉండడు. నాలుగేళ్లప్పుడు చూపించి ఉంటే ఆ పరిస్థితి రాదు. అక్షరాలు ఎక్కడికీ పోవు.

ఇక నాగావళి గారికి. నీడతో మొదలుపెట్టండి. ఎనిమిదిన్నరకి ఒక్కో పిల్లవాడిని వాకిట్లో నిలబెట్టి, పాదాల చుట్టూ సుద్దముక్కతో గీయండి. వాడి నీడ చుట్టూ జోడీ పిల్లవాడు ముగ్గు పిండితో గీస్తాడు. పదిన్నరకి మళ్లీ అదే పాదాల గుర్తులో నిలబెట్టండి. పొద్దుటి ముగ్గులో నీడ పట్టదు. పొట్టిదయిపోతుంది, పక్కకీ జరుగుతుంది. మీరు ఏమీ చెప్పకండి, వాళ్లనే మాట్లాడనివ్వండి.

దివ్య_ధర్మాబాద్
మా పాప దగ్గర ఇదే చేశాను. రెండోసారి నిలబడి చూసుకుని "నా నీడని ఎవరో తిప్పేశారు" అని పక్కింటి బాబు మీద ఫిర్యాదు.

మహేంద్రగిరి_నీడ
మా దగ్గర ఒకడు ముగ్గులో సరిపోవాలని పడుకుని చూశాడు!

కళ్లజోడు
జయపురంలో కంటి ఆసుపత్రిలో పని చేస్తాను. మీరందరూ ఉత్సాహంగా ఉన్నారు, సంతోషం. కానీ ఇంతవరకు ఎవరూ చెప్పని మాట ఒకటి ఉంది, అదే మొదట చెప్పాల్సింది. సూర్యుడి వారం అనగానే పిల్లలు తల ఎత్తి సూర్యుడినే చూస్తారు. చూడకూడదు. ఒక్క క్షణం కూడా అలవాటు చేయొద్దు.

కంటి లోపలి రెటీనాకి నొప్పి తెలియదు. కాలుతున్నా పిల్లవాడు ఏడవడు. చూపు మసకబారడం కొన్ని గంటలు పోయాక తెలుస్తుంది. పోయిన గ్రహణానికి ఎక్స్‌రే ఫిల్మ్ అడ్డం పెట్టుకుని చూసిన ఏడేళ్ల బాబు మా దగ్గరికి వచ్చాడు. అక్షరం చదవబోతే సరిగ్గా ఆ అక్షరం ఉన్నచోటే మచ్చ కనబడుతోందన్నాడు. వాళ్ల నాన్న మొహం నాకింకా గుర్తుంది.

ఎక్స్‌రే ఫిల్మ్, మసి పట్టించిన గాజు, నల్ల కళ్లజోడు, ఏదీ పనికిరాదు. పళ్లెంలో నీళ్లు పోసి అందులో చూడటం మన ఇళ్లలో అలవాటు, అదీ వద్దు. భూతద్దం, బైనాక్యులర్ పిల్లల చేతికి అసలే వద్దు. నీడల వైపు చూపించండి, వీపు ఎండకి ఉంచండి. "సూర్యుడు మన వెనక నిలబడి బొమ్మ గీస్తాడు, వెనక్కి తిరిగితే ఆగిపోతాడు" అని చెబితే చిన్నపిల్లలు పాటిస్తారు. మా అమ్మాయికి అలాగే చెప్పాను.

ప్రాణహిత_శీను
మా సిరోంచ దిక్కు ముసలోళ్లు చెయ్యి చాపి పొద్దుని కొలుస్తరు. పిల్లలకు అదొకటి నేర్పొచ్చు. నెట్‌ల ఒక వేలుకు పావుగంట అని ఉన్నది, నేను చూస్తే మా దగ్గర సరిపోలేదు. పిడికిలి చాపి పెడితే సుమారు పది డిగ్రీలు. మన దగ్గర పొద్దు నిటారుగా దిగుతది, అందుకే పిడికిలికి ముప్పావుగంట లెక్క కుదిరింది. పిల్లల పిడికిలి చిన్నది, చెయ్యి కూడా పొట్టిది, కాబట్టి వాళ్లకూ అదే లెక్క వస్తది.

కళ్లజోడు
శీను గారూ, లెక్క బాగుంది. కానీ పిడికిలి పెట్టాలంటే సూర్యుడి వైపు చూడాలి కదా. పెద్దవాళ్లు ఎలాగో జాగ్రత్త పడతారు. పద్నాలుగు మంది పసిపిల్లల్ని అలా నిలబెట్టొద్దు, దయచేసి.

ప్రాణహిత_శీను
నిజమే. నేను ఆ ఆలోచనే చెయ్యలేదు. వాపసు తీసుకుంటున్న.

గుణుపురం_మాస్టారు
పిడికిలి లెక్క వదిలేయకండి, సూర్యుడు లేనప్పుడు వాడండి. తెల్లారగానే సూర్యుడు ఏ చెట్టు పక్కనుంచి వచ్చాడో పెద్దవాళ్లు గుర్తు పెట్టుకోవాలి. సాయంత్రం సూర్యుడు పడమటికి పోయాక పిల్లలు తూర్పుకి తిరిగి ఆ చెట్టు నుంచి పిడికిళ్లు లెక్కపెట్టొచ్చు. మన అక్షాంశం దగ్గర డిసెంబరు చివర ఉదయించే చోటుకీ, జూన్ చివర ఉదయించే చోటుకీ మధ్య సుమారు ఐదు పిడికిళ్ల దూరం ఉంటుంది. ఉత్తరాయణం అనే మాటకి అర్థం పిల్లవాడికి తన పిడికిట్లోనే దొరుకుతుంది.

బరంపురం_బామ్మ
మా అమ్మకి గడియారం లేదు. వంటింటి గడప మీద ఎండ పడితే ఎసరు పెట్టేది, గడప దాటి లోపలి గుంజకి తగిలితే నాన్నకి క్యారేజీ కట్టేది. నేల మీద బొగ్గుతో గీతలు ఉండేవి. చలికాలం ఎండ గది లోపల దాకా వచ్చేది, ఉగాది నాటికి గడప దగ్గరే ఆగిపోయేది. అప్పుడు అమ్మ గీతలు మార్చేది. దక్షిణం కిటికీ ఉన్నవాళ్లు ప్రతి ఆదివారం తొమ్మిదింటికి ఎండ అంచు దగ్గర చిన్న టేపు ముక్క అంటించి చూడండి.

దివ్య_ధర్మాబాద్
బామ్మగారూ, ఈ ఆదివారమే మొదలు. టేపు మీద తారీఖు మా పాపతో రాయిస్తాను. బల్లార్షా బాబాయ్ గారూ, చూశారా, అంకెలు వచ్చేశాయి.

బల్లార్షా_బాబాయ్
చూశానమ్మా. అంకెలైతే సరే.

నాగావళి_గట్టు
రెండు రోజులు రాలేకపోయాను. పసుపు కాగితం చేయించాం! మహేంద్రగిరి అక్కా, పద్నాలుగింటిలో పదకొండు బాగా వచ్చాయి. మూడు పాడయ్యాయి. గాజు పలక సరిగ్గా ఆనక ఆకు గాలికి కదిలింది. ఆ ముగ్గురూ ఏడుపు మొహం పెడితే మర్నాడు మళ్లీ చేయించాను. సోడా నీళ్లు అద్దగానే రంగు తిరుగుతుంటే గదిలో ఒక్క అరుపు! కుయ్ ఇంటి బాబు ఒకడు వచ్చినప్పటి నుంచి పెద్దగా మాట్లాడేవాడు కాదు. వాడు తన కాగితం పట్టుకుని అందరి దగ్గరికీ వెళ్లి చూపించాడు, నాకు మూడుసార్లు చూపించాడు.

నీడల పని కూడా చేశాం. ఒడియా పిల్లలు "ఛాయి" అన్నారు, మావాళ్లు "నీడ" అన్నారు. ఎండని వాళ్లు "ఖరా" అంటారు. ముగ్గు బొమ్మ పక్కన రెండు మాటలూ రాశాను. కుయ్‌లో ఏమంటారో ఆ బాబు వాళ్లమ్మని అడిగి రమ్మన్నాను.

ఒక్కటే ఇబ్బంది. ఒక పాప వాళ్లమ్మ వచ్చి "ఎండలో నిలబెడుతున్నారట, పిల్ల నల్లబడిపోతుంది, రేపటి నుంచి పంపను" అంది. ఏం చెప్పాలో తోచలేదు.

బరంపురం_బామ్మ
నల్లబడితే ఏమయిందట? మా ముగ్గురు ఆడపిల్లలూ చామనఛాయే, నిక్షేపంగా ఉన్నారు. నాలుగేళ్ల పిల్లకి రంగు బెంగ నేర్పిస్తే అది పెద్దయ్యాక కూడా వదలదు. ఆ తల్లిని నా దగ్గరికి పంపు.

మహేంద్రగిరి_నీడ
బామ్మగారి మాట ఒప్పుకుంటాను, కానీ ఆ తల్లితో వాదన పెట్టుకోకండి, పాప ఆగిపోతుంది. నేనైతే తల్లినే ఒకరోజు రమ్మంటాను. ఎండలో ఉండేది ఎంతసేపో ఆవిడే చూస్తుంది. మా దగ్గర ఒక్కో విడతకి పది నిమిషాలకి మించదు, టోపీ కానీ తలగుడ్డ కానీ ఉంటుంది, నీళ్ల బిందె వసారాలోనే. జనవరిలో సరే. ఏప్రిల్ వచ్చిందంటే మన ఒడిశాలో బడులే పొద్దున పూటకి మారిపోతాయి, అప్పుడు ఎనిమిది దాటాక బయటి పనులు పెట్టుకోవద్దు.

బల్లార్షా_బాబాయ్
ఆ మాట గట్టిగా చెప్పండి. మా చంద్రపూర్ జిల్లాలో మే నెలలో 45 దాటుతుంది. పెద్దవాళ్లే పడిపోతారు.

ప్రాణహిత_శీను
ఎండ ఎక్కువున్న చోట లోపలే ఆడించే పని చెప్తా. రెండు గిన్నెలు, ఒకదానికి నల్ల గుడ్డ, ఒకదానికి తెల్ల గుడ్డ చుట్టి, సమానంగా నీళ్లు పోసి వాకిట్ల పెట్టుడు. గంట తర్వాత లోపలికి తెచ్చి పిల్లలతో వేలు ముంచిపించుడు. నల్లదాంట్ల నీళ్లు ఎక్కువ వెచ్చగుంటయ్. మా కొడుకు ఆ రోజు సంది నల్ల చొక్కా వేసుకోనని మొండికేసిండు, స్కూలు ప్యాంటు నల్లదే, మస్తు గొడవైంది.

దివ్య_ధర్మాబాద్
పొద్దుతిరుగుడు విత్తనం కుండీలో వేయిద్దామా? పువ్వు సూర్యుడితో తిరగడం పిల్లలు చూస్తారు.

ప్రాణహిత_శీను
వెయ్యండి, కానీ ఆశ పెట్టొద్దు. మా బాపు పొద్దుతిరుగుడు వేసేటోడు. మొక్క లేతగున్నప్పుడు, మొగ్గ మీదున్నప్పుడే తిరుగుతది. పువ్వు పూర్తిగా విచ్చినంక తూర్పుకే చూసుకుంట నిలబడతది. విచ్చిన పువ్వు ముందర పిల్లల్ని కూర్చోబెడితే పొద్దంతా చూసినా తిరగదు.

మహేంద్రగిరి_నీడ
చిన్నపిల్లలకి చిక్కుడు గింజ మేలు. చెప్పుల డబ్బాకి ఒక పక్క కన్నం పెట్టి, లోపల మొలకెత్తిన గింజ ఉన్న కప్పు పెట్టి మూత వేయండి. వారానికి మొక్క వంగి కన్నం వైపు పోతుంది. ఎవరూ చెప్పకుండానే పిల్లలకి తెలిసిపోతుంది దానికి వెలుతురు కావాలని.

బరంపురం_బామ్మ
చిక్కుడు అంటే గుర్తొచ్చింది, రథసప్తమికి చిక్కుడు కాయల రథం చేయించు తల్లీ. కాయలు నాలుగు, చీపురుపుల్లలు నాలుగైదు. చక్రాలు కూడా కాయ ముక్కలే. ఐదేళ్ల పిల్లలు చక్కగా గుచ్చుతారు. చిక్కుడు ఆకులో పరమాన్నం పెట్టు. ఒడియా పిల్లలకి పుష్యంలో సాంబ దశమి సూర్యుడి పండగే, ఆ ఇళ్లలో పిల్లల కోసం తల్లులు పిఠాలు చేస్తారు. వాళ్లకీ కొత్తగా ఉండదు.

కళ్లజోడు
రథం బాగుంటుంది. జిల్లేడు ఆకులు మాత్రం పిల్లలతో కోయించకండి. ఆ పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. స్నానానికి తల మీద పెట్టే ఆకులు కూడా పెద్దవాళ్లే కోసి, కడిగి ఇవ్వాలి.

నాగావళి_గట్టు
రథం తప్పకుండా చేయిస్తాను బామ్మగారూ. మా బడిలో క్రైస్తవ ఇళ్ల పిల్లలు కూడా ఉన్నారు, అందుకని పూజ జోలికి వెళ్లను. చిక్కుడు బండి అంటాను, పరుగు పందెం పెడతాను. పరమాన్నానికి ఎవరూ వద్దనరు.

మాస్టారూ, ఒక ఐదేళ్ల పిల్ల అడిగింది: "నీడ ఎందుకు జరిగింది టీచర్?" నేను "సూర్యుడు జరిగాడు కదా" అన్నాను. రాత్రంతా అదే ఆలోచన. భూమి తిరుగుతోందని చెప్పకపోవడం తప్పా?

గుణుపురం_మాస్టారు
తప్పే అంటాను. ఒకసారి మనసులో పడ్డ మాట పీకడం కష్టం. చీకటి గదిలో దీపం పెట్టి, బంతికి బొట్టు పెట్టి తిప్పండి. ఐదేళ్లకి అర్థమవుతుంది.

మహేంద్రగిరి_నీడ
మాస్టారూ, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. బంతి తిప్పితే నాలుగేళ్ల పిల్లలకి బంతి తిరిగిందని అర్థమవుతుంది, అంతే. కాళ్ల కింద నేల తిరుగుతోందంటే భయపడ్డవాళ్లు ఉన్నారు, మా దగ్గర ఒకమ్మాయి పడిపోతానని గోడ పట్టుకుంది. మనం కూడా పొద్దెక్కింది, పొద్దు వాలింది, పొద్దు గూకింది అనే అంటాం. ఎవరం అబద్ధమాడుతున్నట్టు కాదు. ఈ వయసులో చూడటం నేర్పుదాం, కారణం రెండేళ్లు ఆగి చెబుదాం.

దివ్య_ధర్మాబాద్
బారెడు పొద్దెక్కింది అని మా అత్తయ్య పాపని లేపుతుంది. పాప రెండు చేతులూ చాపి కిటికీలోంచి కొలవబోయింది. కళ్లజోడు గారు చదవకముందే చెబుతున్నాను, కర్టెన్ వేసి ఉంది!

కళ్లజోడు
చదివేశాను.

గుణుపురం_మాస్టారు
మహేంద్రగిరి గారి మాట మీద ఒక రోజు ఆలోచించాను. గోడ పట్టుకున్న పాప సంగతి నన్ను ఆపింది. సరే, బంతి పెద్దపిల్లలకి ఉంచుదాం. దాని బదులు ఒకటి చెబుతాను. నా సర్వీసులో పిల్లలు అన్నిటికంటే ఎక్కువ నోరు తెరిచి చూసింది ఇదే.

అరచేతిలో పట్టే అద్దం తీసుకోండి. దాని మీద కాగితం కప్పి, మధ్యలో పెన్సిల్ మందం కన్నం చెయ్యండి. వాకిట్లో స్టూలు మీద ఇటుకకి ఆనించి, ఎండ దాని మీద పడి గది లోపలి గోడ మీద ప్రతిఫలించేలా పెట్టండి. గది చీకటిగా ఉండాలి. అద్దానికీ గోడకీ పది మీటర్లు ఉంటే గోడ మీద సుమారు తొమ్మిది, పది సెంటీమీటర్ల గుండ్రటి వెలుగు పడుతుంది. కన్నాన్ని నలుచదరంగా కత్తిరించినా వెలుగు గుండ్రంగానే పడుతుంది, ఎందుకంటే అది కన్నం ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ. చెట్టు కింద నేల మీద ఎండ పొక్కులు గుండ్రంగా ఉండేది కూడా అందుకే. గోడ మీది సూర్యుడిని ఎంతసేపు చూసినా కంటికి ఏమీ కాదు. అద్దం మాత్రం మీ చేతిలోనే ఉండాలి, ఎవరి కళ్లలోకీ కొట్టకూడదు. పిల్లలు గదిలో గోడ వైపు తిరిగి కూర్చోవాలి.

ఆ వెలుగు చుట్టూ పెన్సిల్‌తో గీయండి, ఇక ఎవరూ అద్దం ముట్టుకోవద్దు. రెండు నిమిషాల్లో ఆ బొమ్మ తన వెడల్పంత పక్కకి జరిగిపోతుంది. కళ్ల ముందే జరుగుతుంది. కారణం చెప్పినా చెప్పకపోయినా, కదలిక ఉందని పిల్లవాడు జీవితంలో మర్చిపోడు.

ప్రాణహిత_శీను
2019 డిసెంబరు గ్రహణం నాడు మా వాకిట్ల వేపచెట్టు కింద నేలంతా నెలవంకలే పడ్డయ్. ఎందుకో అప్పుడు తెల్వలే. ఇప్పుడు తెలిసింది మాస్టారూ.

గుణుపురం_మాస్టారు
2027 ఆగస్టు 2న మళ్లీ గ్రహణం ఉంది, మన దేశంలో చాలాచోట్ల పాక్షికంగా కనిపిస్తుంది. మబ్బు లేకపోతే జల్లెడ పట్టుకుని నేల మీద చూపించండి, ప్రతి కన్నానికీ ఒక వంక.

బరంపురం_బామ్మ
మా వైపు పని ఒకటి చెప్పనా? ఉప్పు. గంజాం దగ్గర హుమ్మలో ఉప్పు మళ్లు ఉన్నాయి, పిల్లలకి ఎప్పుడైనా చూపించాలి. ఇంట్లో రెండు పళ్లేల్లో ఉప్పునీళ్లు పోసి, ఒకటి ఎండలో, ఒకటి వసారాలో పెట్టు. ఎండలోది ముందు ఆరి పలుకులు కడుతుంది. పిల్లలు నాలిక పెట్టి చూస్తారు, చూడనీ.

మహేంద్రగిరి_నీడ
ఎనిమిదిన్నరకి ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు వీపు సూర్యుడికి పెట్టి పిచికారీతో సన్నగా నీళ్లు కొట్టండి, ఇంద్రధనుస్సు కనబడుతుంది. సూర్యుడు బాగా పైకొచ్చాక కనబడదు. మా పిల్లలు తడిసిపోవడమే ఎక్కువ.

బల్లార్షా_బాబాయ్
మనవడితో నీడ పని చేశాను. నీడ పొడవు వాడి చెప్పులతో కొలిపించాను. ఎనిమిదిన్నరకి పదమూడు చెప్పులు, పదకొండుకి ఏడు. వాడే అంకెలు రాశాడు, ఏడు తిరగేసి రాశాడు. "సావలీ" అని మరాఠీలో కూడా రాయమన్నాను, "నీడ" కూడా రాశాడు. వాళ్లమ్మకి చూపిస్తే ఫ్రిజ్‌కి అంటించింది. సూర్యుడు ఎంత పెద్దవాడు అని అడిగాడు. ఏం చెప్పాలి?

గుణుపురం_మాస్టారు
ఫుట్‌బాల్ తీసుకోండి, అది సూర్యుడు. పోపుల డబ్బాలోంచి ఆవగింజ తీసుకోండి, అది మన భూమి. సూర్యుడి అడ్డుకొలత భూమి కంటే 109 రెట్లు, కాబట్టి లెక్క సరిపోతుంది. ఇప్పుడు ఫుట్‌బాల్ ఇంటి ముందు పెట్టి, ఆవగింజ వాడి అరచేతిలో పెట్టి 24 మీటర్లు నడిపించండి. అక్కడ ఆగి వెనక్కి చూడాలి. శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయల్దేరిన ఆదిత్య ఎల్1 ఎంత దూరం వెళ్లిందని వాడు అడిగితే చెప్పండి: 15 లక్షల కిలోమీటర్లు, ఈ లెక్కలో ఆవగింజ నుంచి ఒక జానెడు.

బల్లార్షా_బాబాయ్
నడిపించాను. చెయ్యి చెమట పట్టి ఆవగింజ పారేసుకున్నాడు. "తాతా, భూమి పోయింది" అని వీధిలో వెతుకుతుంటే పక్కవాళ్లు కూడా వెతికారు.

గుణుపురం_మాస్టారు
అందరికీ ఒక ప్రతిపాదన. మనం పర్లాకిమిడి నుంచి ధర్మాబాద్ దాకా ఒకే వరసలో ఉన్నాం. ఒకే రోజు, అందరం కర్ర నాటి, నీడ అన్నిటికంటే పొట్టిగా ఉండే సమయం చూద్దాం. నీడని నేరుగా చూస్తే ఆ క్షణం పట్టుకోవడం కష్టం, అందుకని పాత పద్ధతి. కర్ర చుట్టూ తాడుతో సున్నా గీయండి. పొద్దున నీడ కొస లోపలికి వచ్చేటప్పుడు సున్నాని తాకే సమయం రాయండి, మధ్యాహ్నం బయటికి పోయేటప్పుడు మళ్లీ తాకే సమయం రాయండి. రెంటికీ సరిగ్గా మధ్య సమయమే మీ ఊరి అసలు మధ్యాహ్నం. ఆ రెండు తాకిన చోట్లని కలిపితే తూర్పు పడమర గీత. యజ్ఞవేదికల కొలతలు చెప్పే పాత గ్రంథాలు, శుల్బసూత్రాల కాలం నుంచి ఉన్నదే, ఆ కర్రని శంకువు అనేవాళ్లు. శంకుస్థాపనలో ఉన్న శంకు అదే.

నాగావళి_గట్టు
ఆదివారం పెట్టుకుందాం. నేనూ, మా అబ్బాయీ, పక్కింటి ఇద్దరు పిల్లలూ సిద్ధం. ఎండలోకి గుర్తు పెట్టడానికి మాత్రమే వస్తారు, మిగతాసేపు వసారాలోనే.

దివ్య_ధర్మాబాద్
నేనూ సిద్ధం.

ప్రాణహిత_శీను
ఆదివారం నాకు దుకాణం. మా ఆవిడ, కొడుకు చేస్తరు.

మహేంద్రగిరి_నీడ
ఆదివారం మా చుట్టాలింట్లో పెళ్లి, నన్ను వదిలేయండి. మే నెలలో ఇంకోటి ఉందని కూడా చెప్పండి మాస్టారూ.

గుణుపురం_మాస్టారు
అవును. మన ఊళ్లన్నీ కర్కటరేఖకి దక్షిణాన ఉన్నాయి కాబట్టి ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం కర్రకి పక్కకి నీడే పడదు. రాయగడకి మే 17 ప్రాంతంలో, మళ్లీ జులై 26, 27 ప్రాంతంలో. బల్లార్షాకి మే 20 దగ్గర. జులైలో మబ్బులు, కాబట్టి మే నెలే. బడి ఉండదు, ఇంట్లో చెయ్యండి. ఒక గ్లాసు బోర్లించి, వసారాలోంచి పిల్లల్ని చూడమనండి, మూడు నిమిషాలు చాలు. ఆ రెండు రోజుల మధ్య, అంటే జూన్‌లో, మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. ఇప్పుడు జనవరిలో ఉత్తరానికి పడుతోంది, చూసి పెట్టుకోండి.

ప్రాణహిత_శీను
ఆదివారం సంగతి: మా దగ్గర మొదటిది 11:02కు తాకింది. రెండోసారి చూసేటప్పటికి మేక వచ్చి కర్ర పడగొట్టింది. కొడుకు మేక మీద కోపంగున్నడు. వచ్చే ఆదివారం మళ్లీ చేస్తం.

నాగావళి_గట్టు
రాయగడ: మొదటిది 10:50, రెండోది 1:28. మధ్య సమయం 12:09. మీటరు కర్రకి అప్పుడు నీడ 77 సెంటీమీటర్లు, ఉత్తరానికే.

దివ్య_ధర్మాబాద్
ధర్మాబాద్: 11:05, 1:57. మధ్య సమయం 12:31. లెక్క మూడుసార్లు వేశాను. ఇరవై రెండు నిమిషాల తేడా వస్తోంది, మాదే తప్పా?

గుణుపురం_మాస్టారు
తప్పు కాదమ్మా, ఇద్దరివీ అంత సరిగ్గా వస్తాయని నేనే అనుకోలేదు! మీ ఊరు రాయగడకి పడమరగా అయిదున్నర డిగ్రీల దూరంలో ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాలు. గడియారం దేశమంతటికీ ఒకటే, మధ్యాహ్నం మాత్రం ఏ ఊరిది ఆ ఊరిదే. ఈ వారం మా వీధి పిల్లలందరికీ ఈ రెండు అంకెలూ చెబుతాను.

నాగావళి_గట్టు
ఈ అంకెలు పిల్లలకి చెప్పాను. అర్థమవుతుందని కాదు, ఊరికే, చాలా దూరంలో ఒక పాప కూడా ఇదే రోజు కర్ర నాటిందని. పక్కింటి అమ్మాయి కాసేపు ఆలోచించి అడిగింది, "అయితే ఆ పాప వాళ్ల పొద్దు మన ఇంటి మీద నుంచే వెళ్తుందా టీచర్?" అని. అవునన్నాను. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం ఇంటికి వెళ్లేముందు కర్ర నీడ చూసి "పంపించేశాం" అంటోంది.

దివ్య_ధర్మాబాద్
అందిందని చెప్పండి. మా పాప ఇక్కడ వసారాలో కూర్చుని ఎదురుచూస్తోంది.